మస్టాంగ్‌లోకి కొత్త వీ8 వస్తుందా? ముందు ట్రక్కుల వైపు చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: "అన్నా, ఫోర్డ్ మస్టాంగ్ కారులో ఇప్పుడున్న 5.0 లీటర్ల వీ8 ఇంజిన్ తీసేసి, ట్రక్కుల్లో వాడే 7.3 లీటర్ల పుష్‌రాడ్ వీ8 పెడతారని యూట్యూబ్‌లో ఒకటే ప్రచారం. ఇంకొందరేమో వీ8 పూర్తిగా పోయి నాలుగు సిలిండర్ల హైబ్రిడ్ వస్తుందంటున్నారు. నేను డాలస్‌లో ఉంటాను. జీటీ కొనడానికి డబ్బు సిద్ధంగా ఉంది. ఇప్పుడే కొనాలా, ఏడాది ఆగాలా?"

ముందు జవాబు చెప్పేస్తాను. 7.3 కోసం మాత్రం ఆగొద్దు. జీటీ అంటే వీ8 ఉన్న మస్టాంగ్ మోడల్. ఆ ధరలో 7.3 మస్టాంగ్‌లోకి రావడం చాలా కష్టం. వీ8, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లుండే ఇంజిన్, రేపో మాపో పోతుందన్న భయంతో కొనాల్సిన పని కూడా లేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం పెద్ద కథే, ఓపిగ్గా చదువు.

నేను డెట్రాయిట్ పక్కనే ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా ఇంజిన్ కాలిబ్రేషన్ నా పని. ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలి, స్పార్క్ ఏ క్షణాన పడాలి, వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి అన్నవి ఇంజిన్ కంప్యూటర్‌కి నేర్పించడం అన్నమాట. ఏ కంపెనీ లోపలి విషయాలూ ఇక్కడ రాయడం లేదు. అందరికీ తెలిసిన సమాచారానికే నా పని అనుభవం జోడించి చెప్తున్నాను.

ఇలాంటి పుకారు ఒకసారి నా జేబుకే చిల్లు పెట్టింది. 2009 అక్టోబరులో కొత్త మస్టాంగ్ జీటీ కొన్నాను, 2010 మోడల్. 4.6 లీటర్ల వీ8, 315 హార్స్‌పవర్. అప్పటికే 5.0 వస్తుందని బయట గట్టిగా వినిపిస్తోంది. డీలర్ దగ్గర అడిగితే, "అవన్నీ గాలి కబుర్లు సార్, ఎన్నేళ్లుగానో వింటున్నాం" అన్నాడు. నమ్మాను. మూడు నెలలు తిరక్కుండానే, 2010 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో 2011 మోడల్ ముందు నేనూ మా ఆవిడా నిలబడ్డాం. బానెట్ కింద 5.0, 412 హార్స్‌పవర్. నా బండి కన్నా 97 ఎక్కువ. దాని పక్కన పెట్టిన చవక మోడల్‌లో 3.7 లీటర్ల వీ6, దానికే 305. అంటే నేను వీ8 అని ఎక్కువ డబ్బు పోసి కొన్నదానికీ, అందులో అన్నిటికన్నా చవకైన మోడల్‌కీ తేడా పది హార్స్‌పవర్లు! మా ఆవిడ ఆ బోర్డు చదివి, నా మొహం చూసి, ఏమీ అనకుండా కాఫీ తాగుదాం రమ్మంది.

ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఆ పుకారు నిజమని ముందే పోల్చుకునే దారి ఉందా అని. ఉంది. అదే 2011 మోడల్ ఏడాదిలో అదే 5.0 ఇంజిన్‌ని ఎఫ్-150 పికప్‌లో కూడా పెట్టారు, 360 హార్స్‌పవర్‌తో. అమెరికాలో ఏళ్ల తరబడి అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయే పికప్ వరస అది. పాత 5.4 స్థానంలో దానికి కొత్త వీ8 కావాలి. ఆ అవసరం ఉంది కాబట్టే ఆ ఇంజిన్ పుట్టడానికి డబ్బు వచ్చింది, మస్టాంగ్ దానివల్ల లాభపడింది. నేను మస్టాంగ్ వార్తలే చదివాను తప్ప పికప్ వైపు చూడలేదు.

అప్పటి నుంచి నాది ఒకటే లెక్క. అందుబాటు ధరలో ఉండే మజిల్ కారుకి, అంటే మస్టాంగ్ లాంటి బలమైన ఇంజిన్ ఉన్న రెండు తలుపుల కారుకి, తనకంటూ సొంత ఇంజిన్ ఉండదు. లక్షల్లో అమ్ముడయ్యే ఇంకేదో బండితో పంచుకోవాలి. ఒక కొత్త ఇంజిన్ అంటే డిజైన్, పోత మూసలు, మెషీనింగ్ లైను, మన్నిక పరీక్షలు, పొగ పరీక్షలు, అన్నీ కలిపి వందల కోట్ల డాలర్ల దాకా పోవచ్చు, నాలుగైదేళ్లు పడుతుంది. ఆ ఖర్చంతా ఒక్క స్పోర్ట్స్ కారు నెత్తిన వేస్తే దాని ధర సామాన్యుడికి అందదు.

మొదటి మస్టాంగ్ నుంచీ ఇదే తంతు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో దాన్ని చూపించినప్పుడు ధర 2,368 డాలర్ల దగ్గర మొదలైంది. అంత తక్కువ ఎలా సాధ్యమైంది? అడుగు భాగం, 170 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, రెండూ ఫాల్కన్ అనే కుటుంబ కారువి. వీ8 కావాలన్నవాళ్లకి ఇచ్చింది 1962లో ఫెయిర్‌లేన్ అనే కారుతో మొదలైన చిన్న వీ8 కుటుంబంలోది. ఆ కుటుంబాన్నే తర్వాత "విండ్సర్" అని పిలిచారు. విండ్సర్ అంటే డెట్రాయిట్ నది దాటితే వచ్చే కెనడా ఊరు. ఇప్పటి 5.0 కూడా ఆ ఊళ్లోనే, ఎసెక్స్ ఇంజిన్ ప్లాంటులో తయారవుతుంది. అంబాసిడర్ వంతెన మీద వరసగా వచ్చే లారీలను చూసినప్పుడల్లా వీటిలో ఏదో ఒకదాంట్లో ఇంజిన్లు ఉండి ఉంటాయని నాకు అనిపిస్తుంది.

ఇప్పటి మస్టాంగ్‌లో ఉన్న 2.3 లీటర్ల టర్బో కూడా అంతే. ఆ కుటుంబం ఇంజిన్లు ఫోర్డ్ వాళ్లవే అయిన రేంజర్‌లో, బ్రాంకోలో, ఎక్స్‌ప్లోరర్‌లో ఉన్నాయి. డాడ్జ్ వాళ్ల 5.7 లీటర్ల హెమీ వీ8 మొదట వచ్చింది ర్యామ్ పికప్‌లో, 2003 మోడల్‌కి. కార్లలోకి ఆ తర్వాతే వచ్చింది. దీనికి విరుద్ధంగా నడిచినవి కూడా ఉన్నాయి. 2016 మోడల్‌గా వచ్చిన షెల్బీ జీటీ350 అనే ఖరీదైన మస్టాంగ్‌లోని 5.2 లీటర్ల ఫ్లాట్-ప్లేన్ (క్రాంక్ మడతలు వేరే రకంగా ఉండే) వీ8 ఏ ట్రక్కులోనూ లేదు. 526 హార్స్‌పవర్, 8,250 ఆర్‌పీఎం దాకా తిరిగేది. అద్భుతమైన ఇంజిన్, దాని గొంతే వేరు. కానీ దాని ధర జీటీ కొనేవాళ్లకి అందేది కాదు, 2020 మోడల్‌తో అది ఆగిపోయింది.

ఇప్పుడు 7.3 సంగతి. నా లెక్క ప్రకారం అది రావాలి కదా, ట్రక్కు ఇంజినే కదా అంటావు. ఇక్కడే కాస్త లోతుకి వెళ్లాలి.

గాడ్జిల్లా అని ముద్దుగా పిలిచే ఆ ఇంజిన్ ఎఫ్-250 లాంటి పెద్ద ఫోర్డ్ ట్రక్కుల వరస, సూపర్ డ్యూటీ, 2020 మోడల్‌తో వచ్చింది. పోత ఇనుము బ్లాక్, వాల్వులు తెరిపించే క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే, సిలిండరుకి రెండే వాల్వులు. 430 హార్స్‌పవర్, 475 పౌండ్-ఫుట్ టార్క్. అది మస్టాంగ్ బానెట్ కింద పట్టదని కొందరు రాస్తున్నారు, అది తప్పు. లీటర్ల లెక్కలో పెద్దదే గానీ 5.0 కన్నా వెడల్పు తక్కువ. 5.0లో సిలిండర్ల ప్రతి వరస పైనా రెండేసి క్యామ్‌షాఫ్టులు ఉంటాయి, మొత్తం నాలుగు. చిన్న ఇంటికి పెద్ద చూరు దించినట్టు ఇంజిన్ తలకాయలు (సిలిండర్ హెడ్లు) రెండు పక్కలకీ విస్తరించి ఉంటాయి. పుష్‌రాడ్ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ బ్లాక్ మధ్యలో దాగి ఉంటుంది, పొడవాటి కడ్డీలు పైకి పొడిచి వాల్వులు తెరుస్తాయి. అందుకని తలలు చిన్నవి. ఈ ఇంజిన్‌ని మస్టాంగ్‌లో దించిన షెడ్లు అమెరికాలో చాలానే ఉన్నాయి, ఫోర్డే దీన్ని విడిగా పెట్టెలో పెట్టి అమ్ముతోంది. తయారీ కూడా తేలిక, భాగాలు తక్కువ. ఇంత వరకూ పుకారు రాసేవాళ్లతో నాకు పేచీ లేదు.

అసలు అడ్డం పొగ పరీక్ష దగ్గర ఉంది. పెద్ద ట్రక్కులకీ కార్లకీ ఒకే నిబంధన కాదు. అమెరికా టియర్-3 పొగ నియమాల్లో కార్లూ చిన్న ట్రక్కులూ 2025 నాటికి కంపెనీ మొత్తం సగటున మైలుకి 30 మిల్లీగ్రాములకి దిగాలి. హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడులూ కలిపి చెప్పే లెక్క ఇది. ఎఫ్-250 లాంటి 8,500 పౌండ్లు దాటిన తరగతికి ఆ సగటు 178. దగ్గర దగ్గర ఆరు రెట్ల వెసులుబాటు. గాడ్జిల్లాని ఆ వెసులుబాటు ఉన్న తరగతి కోసమే తయారుచేశారు.

ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. పరీక్ష గదిలో నిలబడితే తెలుస్తుంది. బండిని ముందు రోజే తెచ్చి, ఇంజిన్ ఆపి, కనీసం పన్నెండు గంటలు ఒకే ఉష్ణోగ్రతలో వదిలేస్తారు. పొద్దున స్టార్ట్ చేయకుండా నలుగురం కలిసి చేత్తో తోసుకుంటూ రోలర్ల మీదకి ఎక్కిస్తాం. చక్రాలకి పట్టీలు బిగించి, సైలెన్సర్‌కి గొట్టం తగిలించి, అందరూ అద్దం వెనక్కి వచ్చేస్తారు. డ్రైవరు తాళం తిప్పుతాడు. ఆ తర్వాత అర నిమిషం గదిలో ఎవ్వరూ మాట్లాడరు. ఎందుకంటే ఆ పరీక్ష మొత్తంలో బయటికొచ్చే హైడ్రోకార్బన్లలో చాలా భాగం ఆ మొదటి అర నిమిషం, నిమిషంలోనే వచ్చేస్తుంది. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీల సెల్సియస్‌కి చేరేదాకా దాదాపు పని చేయదు. చల్లగా ఉన్నప్పుడు అది సైలెన్సర్ గొట్టంలో అడ్డంగా పెట్టిన ఖరీదైన జల్లెడ లాంటిదే.

దాన్ని తొందరగా వేడెక్కించడానికి మేం చేసే పని ఏమిటంటే, స్పార్క్‌ని కావాలని ఆలస్యంగా ఇస్తాం. మంట సిలిండర్‌లో పూర్తవక, వాల్వు తెరుచుకునేసరికి ఇంకా మండుతూనే గొట్టంలోకి పోతుంది. ఆ వేడి కన్వర్టర్‌కి తగులుతుంది. బలం తగ్గుతుంది కాబట్టి ఐడిల్, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, పెంచుతాం. చలి పొద్దున వీ8 స్టార్ట్ చేసినప్పుడు ఇరవై ముప్పై సెకన్లు పులిలా గుర్రుమని, తర్వాత మెల్లగా తగ్గుతుంది చూశావా? చాలామంది అది గొప్ప కోసం పెట్టిన శబ్దం అనుకుంటారు. ఆ చప్పుడులో చాలా భాగం కన్వర్టర్‌ని వేడిచేస్తున్న చప్పుడే. ఆ ఇరవై సెకన్ల మీద నేను నెలలు గడిపిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు గాడ్జిల్లాని ఆ రోలర్ల మీద ఊహించుకో. సిలిండర్ అడ్డుకొలత 107.2 మిల్లీమీటర్లు, 5.0కి 93. పెద్ద సిలిండర్‌లో చల్లటి గోడ ఎక్కువ, పిస్టన్ అంచు చుట్టూ ఉండే సందూ ఎక్కువ. అక్కడికి చేరిన పెట్రోల్ మండకుండా బయటికి పోతుంది. ఇనుము బ్లాక్ బరువు, వేడెక్కడం నిదానం. పెట్రోల్ చల్లే పద్ధతి కూడా పాతదే, ఇన్‌టేక్ గొట్టంలోకే. ఇప్పటి 5.0లో గొట్టంలోకీ, నేరుగా సిలిండర్లోకీ రెండు రకాలుగా చల్లే ఏర్పాటు ఉంది. ఆ చల్లని అర నిమిషంలో మాకు అది కొండంత అండ. 7.3ని కార్ల స్థాయికి దించడం అసాధ్యం అనను. కొత్త తలలు, కొత్త ఇంధన వ్యవస్థ, పొగ బయటికొచ్చే మానిఫోల్డ్‌కి ఆనుకుని కన్వర్టర్లు, ఇవన్నీ పెడితే కుదురుతుంది. కానీ అవన్నీ పెట్టాక అది చవక ట్రక్కు ఇంజిన్‌గా మిగలదు.

ఇంకొక లెక్క ఉంది, దాని గురించి వీడియోల్లో ఎవ్వరూ మాట్లాడటం నేను వినలేదు. గ్యాస్ గజ్లర్ ట్యాక్స్. 1978 చట్టంతో వచ్చింది. పరీక్షలో వచ్చే మైలేజీ గాలన్‌కి 22.5 మైళ్ల కన్నా తగ్గిన ప్రతి కొత్త కారు మీదా 1,000 డాలర్లతో మొదలై 7,700 దాకా పన్ను. ఇక్కడ చూసేది కిటికీ మీద అంటించే సంఖ్య కాదు, సవరణకి ముందు పరీక్షలో వచ్చిన సంఖ్య, అది కాస్త ఎక్కువగా ఉంటుంది. పికప్‌లకీ ఎస్‌యూవీలకీ ఈ పన్ను లేదు. అంత బరువు ట్రక్కులకి మైలేజీ స్టిక్కరే ఉండదు. అదే ఇంజిన్ రెండు తలుపుల కారులో పెడితే మైలేజీ స్టిక్కరూ అంటించాలి, పన్నూ కట్టాలి. షెల్బీ జీటీ500 కొన్నవాళ్లు కట్టారు. ఆ ధర పెట్టగలిగినవాళ్లకి అది లెక్కలోకి రాదు. నీలా, నాలా లెక్క వేసుకుని కొనేవాడికి రెండు మూడు వేల డాలర్లు లెక్కలోకి వస్తాయి.

2025 జులైలో వచ్చిన చట్టంతో కాఫే జరిమానా సున్నా అయింది, అందుకని పెద్ద ఇంజిన్లకి గేట్లు తెరుచుకున్నాయి అని ఒక వాదన ఉంది. నిజమే, కంపెనీ సగటు మైలేజీ తక్కువైతే వేసే జరిమానా అది. ఆ ఒత్తిడి పోవడం వల్ల వీ8ల ఆయుష్షు పెరుగుతుందని నేనూ నమ్ముతున్నాను. కానీ ఆ చట్టం గ్యాస్ గజ్లర్ పన్నుని తీసేయలేదు. పైగా ఇంజిన్ నిర్ణయాలు ఐదారేళ్ల ముందు చూపుతో తీసుకుంటారు. మధ్యలో ప్రభుత్వం మారితే నిబంధన మళ్లీ బిగుసుకోవచ్చని ప్రతి కంపెనీ లెక్కేసుకుంటుంది. ఉన్న వీ8ని పొడిగించడానికి ఈ మార్పు చాలు. కొత్తది మొదలుపెట్టడానికి మాత్రం ఎవరైనా వెనకాముందూ ఆడతారు.

ఇలాంటి పుకారు ఇది మొదటిసారీ కాదు. 2020 ప్రాంతంలో విండ్సర్‌లో 6.8 లీటర్ల వీ8 తయారవుతుందనీ, అది ఎఫ్-150కీ మస్టాంగ్‌కీ వస్తుందనీ అందరూ రాశారు. ఇంజిన్ సంగతి నిజమే అయింది. 2023లో వచ్చింది కూడా. ఎక్కడ? సూపర్ డ్యూటీలో, 7.3 కన్నా చవకైన ఇంజిన్‌గా, 405 హార్స్‌పవర్‌తో. మస్టాంగ్‌కి రాలేదు. ఇంజిన్ వస్తుందన్నది ఒక వార్త, ఏ బండిలోకి వస్తుందన్నది ఇంకో వార్త. పుకార్లలో ఆ రెండూ కలిసిపోతాయి.

మరి 5.0 భవిష్యత్తు ఏమిటి? నా అంచనా చెప్తాను, అంచనాగానే తీసుకో. దాన్ని ఇంకోసారి సానబెడతారు. ఇప్పటిదాకా వాళ్లు చేసింది అదే. 2011లో 412, 2015లో 435, 2018లో 460, 2024లో 480. ప్రతిసారీ పేరు అదే, లోపల మాత్రం చాలా మారింది. 2018లో చేసిన పని నాకు చాలా ఇష్టం. అల్యూమినియం బ్లాక్‌లో పిస్టన్ నేరుగా రుద్దుకుంటే అరిగిపోతుంది కాబట్టి లోపల పల్చటి ఇనుప గొట్టం బిగించేవాళ్లు. ఆ గొట్టం తీసేసి, ప్లాస్మా మంటతో కరిగించిన ఉక్కుని సిలిండర్ గోడ మీద పిచికారీ చేశారు. వెంట్రుక మందం పూత. గొట్టం మందం మిగిలింది కాబట్టి అడ్డుకొలత 92.2 నుంచి 93 మిల్లీమీటర్లకి పెరిగింది, 4,951 సీసీ ఉన్న ఇంజిన్ 5,038 అయింది. బ్లాక్ బయటి కొలతలు మార్చలేదు, ఫ్యాక్టరీ లైను పూర్తిగా పడగొట్టలేదు. అందుబాటు ధర కారులో కొత్త ఇంజిన్ అంటే సాధారణంగా ఇలాంటిదే.

ఎఫ్-150లో 5.0 ఉన్నంత కాలం మస్టాంగ్‌లోనూ ఉంటుంది. రోజూ పుకార్లు వెతికే బదులు కొత్త ఎఫ్-150 ఇంజిన్ల జాబితా వచ్చినప్పుడు అందులో 5.0 ఉందో లేదో చూడు. అది మాయమైన రోజున నాకు టెన్షన్ మొదలవుతుంది.

నాలుగు సిలిండర్ల హైబ్రిడ్ గురించి. హైబ్రిడ్ మస్టాంగ్ వస్తుందని 2017 జనవరిలో సాక్షాత్తు ఫోర్డ్ కంపెనీయే ప్రకటించింది, అప్పటి సీఈఓ మార్క్ ఫీల్డ్స్ నోటితోనే, 2020 నాటికని. అప్పుడే ప్రకటించిన హైబ్రిడ్ ఎఫ్-150 వచ్చింది, 2021 మోడల్‌గా. హైబ్రిడ్ మస్టాంగ్ ఇప్పటికీ లేదు. కంపెనీ మైకులో చెప్పిన మాటే ఇలా అయితే, పేరు చెప్పని "విశ్వసనీయ వర్గాల" మాట ఎంతవరకు నమ్ముతాం?

టర్బో నాలుగు సిలిండర్లు వీ8ని మింగేస్తాయన్న భయం కూడా పాతదే. 1984లో మస్టాంగ్ ఎస్‌వీఓ అని 2.3 లీటర్ల టర్బో బండి తెచ్చారు, 175 హార్స్‌పవర్. ఆ ఏడాది వీ8 జీటీకీ అంతే, 175. ఎస్‌వీఓ ధర మాత్రం జీటీకి ఒకటిన్నర రెట్లు. మలుపుల్లో అది మెరుగైన బండి అని నడిపినవాళ్లంతా అంటారు. అయినా జనం వీ8 వైపే పోయారు, 1986 తర్వాత అది లేదు. అంతకు పదేళ్ల ముందు, 1974లో, మస్టాంగ్‌లో అసలు వీ8నే ఇవ్వలేదు. మరుసటి ఏడాదికే మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఇప్పటి 2.3 టర్బో నిజంగా మంచి ఇంజిన్, 315 హార్స్‌పవర్. నేను 2009లో వీ8 అని కొన్నదానికి సరిగ్గా సమానం! కానీ 2024 నుంచి దానికి మాన్యువల్ గేర్లు ఇవ్వడం లేదు, ఆటోమేటిక్ ఒక్కటే. క్లచ్ తొక్కి నడపాలన్న సరదా ఉంటే జీటీకి వెళ్లాల్సిందే. ఇది నాకు బాధగా ఉంది. తక్కువ జీతంతో మొదలయ్యే కుర్రాళ్లు మాన్యువల్ నేర్చుకునేది చవక మోడల్ మీదే.

డాడ్జ్ గురించి నువ్వు అడగలేదు గానీ పోలిక కోసం రెండు మాటలు. వాళ్ల పాత ఛాలెంజర్, షెవర్లే వాళ్ల కమారో, రెండూ 2023 చివర్లో ఆగిపోయాయి. డాడ్జ్ వాళ్లు ఛార్జర్ అనే కొత్త కారుని ముందు ఎలక్ట్రిక్‌గా తెచ్చారు, తర్వాత 3 లీటర్ల ట్విన్ టర్బో ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టారు, 420, 550 హార్స్‌పవర్‌లలో. అది కూడా ర్యామ్ పికప్‌తో, జీప్ వ్యాగనీర్‌తో పంచుకున్నదే. ధర దాదాపు 50 వేల డాలర్ల దగ్గర మొదలైంది. దానికి చవక మోడల్ కావాలంటే ఏ ఇంజిన్ పెడతారు? నా లెక్క ప్రకారం 2026 జీప్ గ్రాండ్ చెరోకీలో పెట్టిన 2 లీటర్ల, 324 హార్స్‌పవర్ల నాలుగు సిలిండర్ల టర్బో వైపు చూడాలి. నిలువుగా అమర్చిన ఇంజిన్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. హెమీ వస్తుందా అంటే, 2026 ర్యామ్ 1500లోకి 5.7ని వెనక్కి తెచ్చారు కాబట్టి తలుపు మూసుకుపోలేదు. వచ్చినా చవక మోడల్‌గా రాదు.

ఇకపై పుకారు వచ్చినప్పుడు ఏం చూడాలో చెప్తాను. అమెరికాలో ప్రతి బండి విన్ నంబరుకీ, అంటే బండి గుర్తింపు నంబరుకీ, 17 అక్షరాలుంటాయి. అమెరికన్ కంపెనీల బళ్లలో ఎనిమిదోది ఇంజిన్ కోడ్. ఏ అక్షరం ఏ ఇంజినో చెప్పే పట్టికని అమ్మకాలకి కనీసం 60 రోజుల ముందు కేంద్ర రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఇవ్వాలి. ఆ పత్రం అందరూ చదవొచ్చు. అందులో కొత్త అక్షరం కనిపిస్తే అది పుకారు కాదు. కార్మిక సంఘాల ఒప్పందాలు కూడా చూడు, ఏ ప్లాంటుకి ఏ ఇంజిన్ ఇస్తామన్నది వాటిలో రాసుకుంటారు. అవి వేతనాలకి సంబంధించిన కాగితాలు, అందులో ఊరికే రాయరు. పేటెంట్లని మాత్రం పట్టించుకోకు. బుర్రలో తట్టిన ప్రతిదానికీ పేటెంట్ వేస్తారు, నూటికి తొంభై బండిదాకా రావు. రోడ్డు మీద ముసుగేసిన బళ్ల వీడియోలు చూస్తే బొమ్మ కన్నా శబ్దం విను. మన వీ8లో క్రాంక్ 90 డిగ్రీల మడతలతో ఉంటుంది, అందువల్ల ఒక్కో వరసలో పేలుళ్లు సమానమైన ఎడంతో రావు. ఆ తడబడే "గుడ గుడ" దానివల్లే. ఆగస్టు మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూలో డ్రీమ్ క్రూజ్ అనే కార్ల ఊరేగింపు జరుగుతుంది. రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, మా అబ్బాయి కళ్లు మూసుకుని ఏ ఇంజినో చెప్పేస్తాడు. ఒక సాయంత్రం కూర్చుంటే నీకూ వచ్చేస్తుంది.

హైదరాబాద్ నుంచి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు, ఇండియాకి వస్తుందా అని. 2016లో వచ్చింది, 5.0 జీటీ, ఢిల్లీ ఎక్స్-షోరూమ్ 65 లక్షలు. అప్పుడు ఇక్కడ అదే బండి 32 వేల డాలర్ల పైచిలుకు, అంటే అప్పటి మారకంలో దాదాపు 22 లక్షలు. మూడు రెట్లు. 2021లో ఫోర్డ్ అక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దిగుమతి సుంకం ఆ స్థాయిలో ఉన్నంతవరకు అక్కడ దీన్ని అందుబాటు ధర అనలేం.

నీ సంగతికి వస్తే, డబ్బు సిద్ధంగా ఉంది, వీ8 కావాలి, మాన్యువల్ మీద మనసుంది అంటే జీటీ కొనుక్కో. వచ్చే ఏడాది ఇంకో పది ఇరవై హార్స్‌పవర్లు పెరిగినా రోడ్డు మీద నీకు తేడా తెలియదు. 2009లో నాకు జరిగినట్టు ఒకేసారి 97 పెరిగే పరిస్థితి ఇప్పుడు లేదు. అప్పటి ఇంజిన్ వెనకబడి ఉంది, ఇప్పటిది లేదు. సంతకం పెట్టేముందు ఇన్సూరెన్స్ కొటేషన్ తీసుకో. ఈ దేశంలో లైసెన్స్ వచ్చి రెండు మూడేళ్లే అయిన కుర్రాళ్లకి వీ8 మీద వేసే ప్రీమియం చూసి చాలామంది వెనక్కి తగ్గారు. వీ6 ఉన్న పాత బళ్ల జోలికి మాత్రం "చవక" అని వెళ్లకు, అంతకన్నా ఇప్పటి టర్బోనే మేలు.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేముందు రోజు డీలర్‌కి ఫోన్ చెయ్యి. పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా ఆ బండిని స్టార్ట్ చేయొద్దని చెప్పు. వాళ్లు మామూలుగా ముందే వేడిచేసి, ఏసీ వేసి ఉంచుతారు. నువ్వు వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉండాలి. డ్రైవరు తలుపు తెరిచే ఉంచి స్టార్ట్ చెయ్యి. మొదటి ఇరవై సెకన్లు ఏమీ తొక్కకుండా విను. గుర్రుమని లేచి, మధ్యలో తడబడకుండా, మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా కిందికి దిగాలి. దిగాక టక్ టక్ మని లయగా ఏదైనా వినిపిస్తే ఆ బండి వదిలేసి పక్కది అడుగు.